కంప్యూటర్‌తో పాటు వచ్చిన బ్రౌజర్‌ని తీసెయ్యడం ఎట్లా, యాడిదాకా తియ్యాల

మన అనంతపురం గానీ కర్నూలు గానీ కడప గానీ, ఏ ఊరు తీసుకున్నా నెట్ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో, చిన్న కాంట్రాక్టర్ల రూముల్లో ఇంకా పాత మిషన్లు నడుస్తానే ఉండాయి. విండోస్ 7 ఉంటాది, డెస్క్‌టాప్ మీద ఆ నీలం రంగు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బొమ్మ ఉంటాది, పక్కన ఎవరో ఎప్పుడో వేసిన క్రోమ్ ఉంటాది కానీ అది అప్‌డేట్ కాక నిలబడిపోయి ఉంటాది. కొత్త మిషన్లు కొన్నోళ్లకు ఎడ్జ్ గోల. ఎవరొచ్చినా అడిగేది ఒకటే మాట, "అన్నా, దీనికి సెక్యూరిటీ లేదంట కదా, పూర్తిగా పీకెయ్యి" అని. సరే పీకుదాం, కానీ ఏది పీకొచ్చు, ఏది పీకకూడదు, ఏది పీకినట్టు కనపడి లోపల అట్లే కూచోని ఉంటాది అనేది తెలుసుకోని చేస్తే మల్లీ ఫార్మాట్ కొట్టించే పని రాదు.

మొదట ఒక మాట గట్టిగా చెప్పేస్తా. బొమ్మ తీసెయ్యడం వేరే, దాని ఇంజన్ నడవకుండా దారులు మూయడం వేరే. దొంగోడికి కావాల్సింది ఆ ఇంజనే, బొమ్మ కాదు. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగానికి పైన దారులు మూసే పనే ఉంటాది.

మీ దగ్గర ఉండేది ఏదో ముందు చూసుకోండి

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఎడ్జ్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు శానా మంది. కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఇంగ ఐఈ అనే అంటా) 1995 నాటిది, ఆఖరి వెర్షన్ 11 వచ్చింది 2013లో. విండోస్ 10లో దానికి 2022 జూన్ 15న సపోర్ట్ ఆపేసినారు, 2023 ఫిబ్రవరి 14 నుంచి దాని మీద క్లిక్ చేస్తే ఎడ్జ్ తెరుచుకునేటట్టు చేసేసినారు. ఇప్పుడుండే ఎడ్జ్ 2020 జనవరిలో క్రోమియం మీద కట్టింది, అంటే క్రోమ్ ఏ పునాది మీద నిలబడిందో ఇదీ అదే పునాది. ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) కూడా దగ్గర దగ్గరగా వస్తాయి. కాబట్టి మీ భయం సెక్యూరిటీ గురించే అయితే, అప్‌డేట్ అయ్యే ఎడ్జ్‌ని పీకి అప్‌డేట్ కాని పాత క్రోమ్ పెట్టుకోవడం తెలివితక్కువ పని. ఎడ్జ్ మాటిమాటికీ "నన్నే పెట్టుకో, నన్నే వాడు" అని విసిగిస్తాది, అది నిజమే, కానీ విసుగు వేరే, ప్రమాదం వేరే.

ఐఈ సంగతి మాత్రం నిజంగానే ప్రమాదం. 2001లో నిమ్డా అని వైరస్ వచ్చింది చూడండి, అది మెయిల్‌లో వచ్చేది, అటాచ్‌మెంట్ మీద క్లిక్ కూడా చెయ్యనక్కరలేదు, ప్రివ్యూలో మెయిల్ కనపడితే చాలు ఐఈలో ఉండే లోపం గుండా లోపలికి దూరేది. 2004లో అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ యూఎస్ సర్ట్ ఇచ్చిన సలహాల్లో "వేరే బ్రౌజర్ వాడటం కూడా ఒక దారి" అని రాసింది. 2010 జనవరిలో గూగుల్ మీద జరిగిన దాడిలో ఐఈ లోపం వాడుకున్నారని తేలినాక జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సైబర్ సంస్థలు ప్యాచ్ వచ్చేదాకా ఐఈ వాడొద్దండి అని జనానికి బహిరంగంగానే చెప్పినాయి. ఇవన్నీ దానికి సపోర్ట్ ఉండే కాలంలోనే. ఇప్పుడు విండోస్ 7లో ఉండే ఐఈకి అదీ లేదు.

పూర్తిగా ఎందుకు పోదు

ఇది తెలిస్తే మీకే సగం పని తేలికయితాది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసినప్పుడు గొడవంతా దీని మీదే నడిచింది, బ్రౌజర్ విండోస్‌లో భాగం, విడదీయడం కుదరదు అని కంపెనీ వాదన. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ విండోస్ 98 నుంచి ఐఈని తీసేసే ప్రోగ్రాం ఒకటి రాసి ప్రభుత్వం తరఫున కోర్టుకు చూపించినాడు. తీసేసినావా, దాచిపెట్టినావా అనే దాని మీద పెద్ద వాదనే జరిగింది. ఆ ప్రశ్న ఈ రోజుకీ అట్లే ఉండాది, ఎందుకంటే ఐఈ అని మనకు కనపడేది పైన తొడుగు మాత్రమే. లోపల పేజీని గీసే ఇంజన్ పేరు ఎమ్ఎస్‌హెచ్‌టీఎమ్ఎల్. అది విండోస్ 11లో కూడా ఉండాది. పాత సాఫ్ట్‌వేర్లు, కొన్ని హెల్ప్ ఫైళ్లు, కొన్ని అకౌంటింగ్ ప్రోగ్రాంలు దాన్నే వాడుకుంటాయి. మన పాత మట్టిమిద్దెల్లో దూలం లాంటిది అది, పుచ్చిపోయిందని లాగేస్తే పైకప్పే కిందికొస్తాది.

అందుకే నెట్‌లో దొరికే "ఒక్క క్లిక్‌తో ఐఈ, ఎడ్జ్ మాయం" లాంటి స్క్రిప్ట్‌ల జోలికి పోవద్దండి. వాటిని అడ్మిన్ పవర్‌తో రన్ చెయ్యమంటారు, ఎవడు రాసినాడో తెలీదు, సెక్యూరిటీ కోసం ముక్కూముఖం తెలీనోడి చేతిలో ఇంటి తాళాలు పెట్టినట్టు అయితాది. ఒకవేళ అది నిజాయితీ స్క్రిప్టే అయినా వచ్చే పెద్ద అప్‌డేట్‌లో ఎడ్జ్ మల్లీ వచ్చి కూచుంటాది, లేదంటే అప్‌డేటే ఫెయిల్ అయితాది.

మొదట కొత్తది పెట్టుకోండి, తర్వాతే పాతది

ఈ వరస తప్పొద్దు. పాతది ముందే పీకేస్తే కొత్తది డౌన్‌లోడ్ చేసుకోవడానికి బ్రౌజర్ ఉండదు, పెన్ డ్రైవ్ పట్టుకోని పక్క షాపుకు పరిగెత్తాల.

ఏది పెట్టాల అంటే మీ విండోస్‌ని బట్టి. విండోస్ 10, 11 అయితే ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ మీ ఇష్టం. నా వరకు షాపుల్లో ఫైర్‌ఫాక్స్ పెడతా, ఎందుకంటే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ అందులో పూర్తిగా పని చేస్తాది, క్రోమ్‌లో పాత రకం ఎక్స్‌టెన్షన్‌లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాంలు) ఆపేసినాక దాని లైట్ వెర్షన్ ఒకటే మిగిలింది. జాబ్ నోటిఫికేషన్ సైట్లు, రిజల్ట్స్ సైట్లు తెరిచేవాళ్లకు యాడ్ బ్లాకర్ అంటే సోకు కాదు, రక్షణ. హాల్ టికెట్ కోసం పోతే పేజీలో మూడు నాలుగు డౌన్‌లోడ్ బటన్లు కనపడతాయి, వాటిలో అసలుది ఒకటే, మిగతావన్నీ యాడ్‌లు. ఆ యాడ్‌లే కనపడకపోతే పిల్లోడు తప్పు బటన్ నొక్కే సమస్యే లేదు.

విండోస్ 7, 8.1 అయితే క్రోమ్ 109తోనే ఆగిపోయింది, అది 2023 జనవరిది, ఎడ్జ్ కూడా అంతే. వాటిలో "అప్‌డేట్ చేశా" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, చేసేదానికి అప్‌డేటే లేదు. ఫైర్‌ఫాక్స్ వాళ్లు 115 ఈఎస్ఆర్ అనే వెర్షన్‌ని పాత విండోస్‌ల కోసం గడువు మీద గడువు పొడిగిస్తా వచ్చినారు, కాబట్టి విండోస్ 7లో తప్పనిసరిగా నెట్ వాడాల్సి వస్తే అదొక్కటే రొంత నయం. రొంత నయం అంటే రొంత నయమే. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే అయిపోయింది, కింద నేల బీటలు పడింటే పైన ఎంత మంచి మంచం వేసినా లాభం లేదు. ఆ మిషన్‌లో బ్యాంకు పని మాత్రం చెయ్యొద్దు.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు జాగ్రత్త, గూగుల్‌లో "క్రోమ్ డౌన్‌లోడ్" అని కొడితే పైన స్పాన్సర్డ్ అని వచ్చే లింకులు ఉంటాయి, వాటి మీద నొక్కొద్దు. నకిలీ ఇన్‌స్టాలర్లు ఆ దారిలోనే వస్తాయి. అడ్రస్ బార్‌లో మీరే టైప్ చెయ్యండి, మొజిల్లా డాట్ ఆర్గ్ అనో గూగుల్ డాట్ కామ్ స్లాష్ క్రోమ్ అనో. ఫైల్ దిగినాక వెంటనే డబుల్ క్లిక్ చెయ్యకండి. దాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి పోయి డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ చూడండి, ఫైర్‌ఫాక్స్ అయితే మొజిల్లా కార్పొరేషన్ అని, క్రోమ్ అయితే గూగుల్ ఎల్ఎల్‌సీ అని ఉండాల. ఆ ట్యాబే లేదంటే, లేదా వేరే ఏదో పేరుందంటే ఆ ఫైల్ తీసి అవతల పారెయ్యండి. అర నిమిషం పని.

పాత బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కొత్త బ్రౌజరే అడిగి తెచ్చుకుంటాది, ఇంపోర్ట్ అని ఉంటాది. ఐఈ ఫేవరెట్స్ అయితే యూజర్ ఫోల్డర్‌లో ఫేవరెట్స్ అనే ఫోల్డర్‌లోనే ఉంటాయి, దాన్ని కాపీ కొట్టి దాచుకోండి. పాస్‌వర్డ్‌లని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం ఆ ఫైల్‌లో అన్నీ మామూలు అక్షరాల్లో కనపడతాయి, ఎక్సెల్‌లో తెరిస్తే చాలు. పని అయినాక షిఫ్ట్ పట్టుకోని డిలీట్ కొట్టండి, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకూడదు.

డిఫాల్ట్ మార్చడం

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ లోకి పోయి ఫైర్‌ఫాక్స్ మీద నొక్కితే పైన సెట్ డిఫాల్ట్ అని బటన్ ఉంటాది, ఒక్కసారి నొక్కితే వెబ్ లింకులన్నీ దానికి పోతాయి. పీడీఎఫ్ మాత్రం పోదు, అది విడిగా మార్చాల, ఇది శానా మంది మర్చిపోతారు. విండోస్ 10లో అదే చోట వెబ్ బ్రౌజర్ అని విడిగా ఉంటాది. విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్, డిఫాల్ట్ ప్రోగ్రామ్స్.

ఇంత చేసినా టాస్క్‌బార్‌లోని సెర్చ్ బాక్స్‌లో వెతికితే, విడ్జెట్స్‌లో వార్త మీద నొక్కితే ఎడ్జే తెరుచుకుంటాది. యూరప్ దేశాల్లో 2024 నుంచి అక్కడి చట్టం దెబ్బకు ఎడ్జ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసుకునే వీలు ఇచ్చినారు, మనకు ఇయ్యలేదు, మన దగ్గర ఆ అన్‌ఇన్‌స్టాల్ బటన్ పని చెయ్యకుండా బూడిద రంగులో ఉంటాది. అందుకని ఆ సెర్చ్ బాక్స్‌ని ఫైళ్లు వెతకడానికి మాత్రమే వాడండి, విడ్జెట్స్ ఆఫ్ చేసెయ్యండి, టాస్క్‌బార్‌లో ఎడ్జ్ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టి అన్‌పిన్ చెయ్యండి. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అండ్ పర్ఫార్మెన్స్ అనే చోట స్టార్టప్ బూస్ట్, ఎడ్జ్ మూసినాక కూడా వెనకాల నడిచే ఆప్షన్, ఈ రెండూ ఆపేస్తే ర్యామ్ కూడా మిగులుతాది. ఇంకొకటి, యాప్స్ లిస్టులో ఎడ్జ్ వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ అని కనపడతాది, దాన్ని ముట్టుకోవద్దు. టీమ్స్, కొత్త ఔట్‌లుక్ లాంటివి దాని మీదే నడుస్తాయి.

ఇప్పుడు ఐఈని ఆపుదాం

విండోస్ 7 అయినా 10 అయినా దారి ఒకటే. కంట్రోల్ ప్యానెల్ తెరవండి, ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ లోకి పోండి, టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అని ఎడమ పక్క ఉంటాది. లిస్టు వస్తాది, అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 (పాతదైతే 8 అనో 9 అనో ఉంటాది) పక్కన టిక్ తీసెయ్యండి. "ఇది ఆపితే వేరే ప్రోగ్రాంల మీద ప్రభావం పడొచ్చు" అని ఒక హెచ్చరిక వస్తాది, యెస్ కొట్టి రీస్టార్ట్ చెయ్యండి. విండోస్ 11లో ఐఈ అని విడిగా ఉండదు, కానీ సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ అని ఉంటే, మీకు దాంతో పని లేకపోతే, అది కూడా తీసెయ్యొచ్చు.

ఆగండి, "మీకు దాంతో పని లేకపోతే" అన్నా కదా, అసలు తలనొప్పి అక్కడే. టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, ఆడిటర్లు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడతారు, యూఎస్‌బీలో పెట్టే చిన్న ముక్క. ప్రభుత్వ సైట్లలో శానా వాటిల్లో ఇప్పుడు చిన్న సైనర్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఏ బ్రౌజర్ అయినా సరిపోతాది, కానీ ఇంకా కొన్ని పాత పోర్టల్స్ యాక్టివ్ఎక్స్ (ఐఈ లోపల నడిచే పాత రకం చిన్న ప్రోగ్రాంలు) మీదో జావా మీదో నిలబడి ఐఈ తప్ప వేరేది ఒప్పుకోవు. ఇది మన ఒక్కరి బాధే కాదు లెండి, దక్షిణ కొరియాలో బ్యాంకు పనులన్నీ యాక్టివ్ఎక్స్ మీద కట్టుకోని అంత టెక్నాలజీ ఉండే దేశం కూడా ఏళ్ల తరబడి ఐఈని వదల్లేకపోయింది. టెండర్ ఆఖరి తేదీ రోజు మధ్యాహ్నం మీరు ఐఈ పీకేసి "సైట్ ఓపెన్ కావడం లేదు" అని ఫోన్ చేస్తే ఎవరూ ఏం చెయ్యలేరు. కాబట్టి ముందే ఆ సైట్‌ని ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో తెరిచి, టోకెన్ పెట్టి, లాగిన్ అయ్యి, సైన్ దాకా పోయి చూసుకోండి. అయితే సరే.

కాకపోతే ఐఈ పక్కన టిక్ తియ్యకుండా ఉంచి (తీస్తే ఐఈ మోడ్ నడవదు), ఆ ఒక్క సైట్‌కి మాత్రం ఎడ్జ్‌లో ఐఈ మోడ్ వాడండి. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అనే పేజీలో ఐఈ మోడ్‌లో సైట్లు రీలోడ్ చెయ్యడానికి అనుమతి ఇచ్చే ఆప్షన్ ఉంటాది, అలౌ పెట్టి కింద ఉండే లిస్టులో ఆ సైట్ అడ్రస్ ఒక్కటే చేర్చండి. మామూలుగా 30 రోజులకు ఆ ఎంట్రీ గడువు అయిపోతాది, మల్లీ చేర్చుకోవాల, విసుగనిపిస్తాది కానీ అది మన మంచికే. ఈ ఐఈ మోడ్‌ని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అయితే ఇది కూడా పూర్తిగా పుణ్యక్షేత్రం కాదు, జనాన్ని నమ్మించి "ఈ పేజీని ఐఈ మోడ్‌లో తెరువు" అని చెప్పి దాడి చేసే ముఠాలు బయటపడినాక 2025లో టూల్‌బార్ నుంచి, మెనూ నుంచి ఆ బటన్ తీసేసినారు. కాబట్టి ఎవరన్నా ఫోన్ చేసి "సార్, మీ కేవైసీ పేజీ ఐఈ మోడ్‌లో తెరవండి" అంటే వాడు దొంగోడే, గమ్మున ఫోన్ పెట్టెయ్యండి.

దారులు మూయడం

ఇక్కడ రొంత ఓపికగా చదవండి, అందరూ వదిలేసేది ఈ భాగమే.

టిక్ తీసేసినా ఆ ఎమ్ఎస్‌హెచ్‌టీఎమ్ఎల్ ఇంజన్ ఉండాదని చెప్పినా కదా, దాన్ని బయట నుంచి లేపే దారులు కొన్ని ఉండాయి. ఒకటి వర్డ్ ఫైల్. 2021 సెప్టెంబర్‌లో బయటపడిన దాడి ఇదే, వర్డ్ డాక్యుమెంట్ మెయిల్‌లో వస్తాది, తెరిస్తే లోపల నుంచి ఈ ఇంజన్‌ని లేపి పని కానిచ్చేది. ఐఈ మీరు జన్మలో వాడకపోయినా సరే. దీనికి మీ చేతిలో ఉండే మందు, డౌన్‌లోడ్ చేసిన వర్డ్ ఫైల్ తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ వస్తాది కదా ప్రొటెక్టెడ్ వ్యూ అని, అందులో ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కకుండా ఉండటం. చదవడానికి ఆ బటన్ అక్కరలేదు, ప్రింట్ కోసం మాత్రం ఎనేబుల్ ప్రింటింగ్ అంటాది, తెలిసినోళ్లు పంపిన ఫైల్ అయితేనే నొక్కండి. జిరాక్స్ షాపుల్లో కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ప్రతి ఫైల్‌కి అలవాటుగా నొక్కేస్తారు. అట్లాంటి చోట కస్టమర్‌నే పీడీఎఫ్ చేసి పంపమనండి, ఫోన్‌లోనే అయితాది.

రెండోది షార్ట్‌కట్ ఫైల్. 2024 జూలైలో ప్యాచ్ చేసినారు దీన్ని, అంతకు ముందు నుంచే వాడుతా ఉన్న దొంగలు ఉన్నారంట. జిప్ ఫైల్ లోపల పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైల్ ఉంటాది, పేరు చివర కూడా పీడీఎఫ్ అనే ఉంటాది, కానీ అది ఇంటర్నెట్ షార్ట్‌కట్. డబుల్ క్లిక్ చేస్తే ఆగిపోయిందని మనం అనుకున్న ఐఈ లేస్తాది, అదీ విండోస్ 11లో. మామూలుగా మేము చెప్పే సలహా, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి పోయి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ (ఫైల్ పేరు చివర వచ్చే .pdf లాంటి అక్షరాలు) కనపడేటట్టు పెట్టుకోండి అని, అది పెట్టుకోవాల్సిందే, కానీ షార్ట్‌కట్‌లకు అది పని చెయ్యదు, వాటి ఎక్స్‌టెన్షన్‌ని విండోస్ అప్పుడు కూడా చూపించదు. మరి ఎట్లా కనిపెట్టాల? ఫోల్డర్‌ని డీటెయిల్స్ వ్యూలో పెట్టండి, టైప్ అనే కాలమ్ వస్తాది, అసలు పీడీఎఫ్ అయితే పీడీఎఫ్ డాక్యుమెంట్ అనో బ్రౌజర్ పేరుతోనో ఉంటాది, దొంగదైతే ఇంటర్నెట్ షార్ట్‌కట్ అని స్పష్టంగా చూపిస్తాది. ఇంకా గుర్తుపట్టాలంటే బొమ్మ ఎడమ మూల కింద చిన్న బాణం గుర్తు ఉంటాది.

మూడోది హెచ్‌టీఏ ఫైళ్లు. ఇవి వెబ్ పేజీ లాగా కనపడే ప్రోగ్రాంలు, ఐఈ ఇంజన్‌తోనే నడుస్తాయి, కానీ బ్రౌజర్‌కి ఉండే కట్టుబాట్లు వీటికి ఉండవు. మామూలు మనిషికి జీవితంలో వీటితో పని పడదు. అందుకని డిఫాల్ట్ యాప్స్‌లో ఫైల్ టైప్ ప్రకారం వెతికి హెచ్‌టీఏ, దాంతో పాటు స్క్రిప్ట్ ఫైళ్లు జేఎస్, వీబీఎస్ ఈ మూడింటినీ నోట్‌ప్యాడ్‌తో తెరుచుకునేటట్టు పెట్టెయ్యండి. రేపు ఎవరన్నా పొరపాటున డబుల్ క్లిక్ చేసినా నోట్‌ప్యాడ్‌లో పిచ్చి అక్షరాలు కనపడతాయి, అంతే, ఏమీ రన్ కాదు. ఐదు నిమిషాల పని, కానీ చేసినోళ్లు తక్కువ. అయితే పాత సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఈ ఫైళ్లతో నడుస్తా ఉంటే ముందు అడిగి చెయ్యండి.

నాలుగోది కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్. ఐఈ పోయినా ఈ డబ్బా మాత్రం ఉంటాది. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంటర్నెట్ జోన్‌ని హై చేసెయ్యమని శానా చోట్ల చెప్తారు, నేనైతే చెప్పను, అట్లా చేస్తే కొన్నిసార్లు క్రోమ్‌లో డౌన్‌లోడ్‌లు కూడా బ్లాక్ అయిపోతాయి, ఎందుకంటే ఈ విండోస్ సెట్టింగ్‌ని క్రోమ్ కూడా పట్టించుకుంటాది, అప్పుడు కస్టమర్ 1బీ కాపీ దిగకుంటే మీరు సైట్‌ని తిట్టుకుంటా కూచుంటారు. దాని బదులు కస్టమ్ లెవెల్ నొక్కి, అందులో యాక్టివ్ఎక్స్ పేరుతో ఉండేవి డిజేబుల్ చెయ్యండి, ముఖ్యంగా సంతకం లేని కంట్రోల్స్ డౌన్‌లోడ్ చేసేది. ట్రస్టెడ్ సైట్స్ లిస్టు కూడా చూడండి, ఎప్పుడో ఎవరో చేర్చిన తెలీని సైట్లు అందులో ఉంటే ఎత్తి పారెయ్యండి. టెండర్ పోర్టల్ వాళ్ల గైడ్ చూసి చేర్చినవి మాత్రం ఆ పని ఉన్నంత కాలం ఉంచండి.

కొత్త బ్రౌజర్‌ని వదిలేస్తే అదీ పాతదే అయితాది

నోటిఫికేషన్లు ముందు ఆపండి. కింద కుడి మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్రగా వస్తా ఉంటాది చూడండి, అది వైరస్ కాదు, ఏదో సైట్‌లో అలౌ అని నొక్కినందుకు ఆ సైట్ పంపే నోటిఫికేషన్. యాంటీవైరస్ మార్చినా పోదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ పర్మిషన్ లోకి పోయి తెలీని సైట్లన్నీ తీసేసి, ఇంకమీదట అడగనే వద్దు అని పెట్టండి. దీనికోసం బ్రౌజర్ మార్చినవాళ్లని, మిషన్ ఫార్మాట్ కొట్టించినవాళ్లని కూడా చూసినా.

ఎక్స్‌టెన్షన్‌లు తక్కువ పెట్టుకోండి, యాడ్ బ్లాకర్ ఒకటి చాలు. పీడీఎఫ్ కన్వర్టర్, స్క్రీన్‌షాట్, కూపన్ అని కనపడిందల్లా వేస్తే అవి మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే పర్మిషన్ తీసుకుంటాయి, మీరు బ్యాంకు పేజీ తెరిచినా సరే. సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ (భద్రమైన కనెక్షన్ ఉండే సైట్లే తెరిచేది) ఉంటే ఆన్ చెయ్యండి.

నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ప్రత్యేకంగా, కస్టమర్ పనికి క్రోమ్‌లో గెస్ట్ మోడ్, ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవేట్ విండో వాడండి, పాస్‌వర్డ్ సేవ్ చెయ్యాలా అని అడగడమే ఆపేసెయ్యండి. అయితే గెస్ట్ మోడ్ మూసినంత మాత్రాన డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు పోవు. ఏ షాపులో అయినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి, ఊర్లో సగం మంది ఆధార్ పీడీఎఫ్‌లు అందులోనే ఉంటాయి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అందరికీ తెలుసు, పేరు తెలిసినోడికి అది పెద్ద తాళం కాదు. షాపు మూసే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చెయ్యండి, వీలైతే కస్టమర్‌కి మాస్క్‌డ్ ఆధార్ (నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనపడేది) డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి.

కౌంటర్‌లో కూచునే పిల్లోడికి అడ్మిన్ అకౌంట్ ఇయ్యొద్దు. విండోస్‌లో స్టాండర్డ్ అకౌంట్ ఇంకొకటి చేసి అదే వాడమనండి, సాఫ్ట్‌వేర్ వెయ్యాలంటే మిమ్మల్ని పాస్‌వర్డ్ అడుగుతాది. బ్రౌజర్ ఏదైనా సరే, దూరిన దొంగకి ఇల్లంతా దొరకకుండా ఇది ఆపుతాది.

విండోస్ 10 వాళ్లు కూడా తెలుసుకోవాల్సింది ఒకటి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌ల ప్రోగ్రాంలో చేరితే ఇంట్లో వాడే మిషన్లకు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని అడుగుతాది. మిషన్ విండోస్ 11 తీసుకోదు, కొత్తది కొనే పరిస్థితి లేదు అంటే, బ్రౌజర్‌లోనే అయ్యే పనులకు లైనక్స్ మింట్ వేసుకోండి, తాజా ఫైర్‌ఫాక్స్ దాంతోనే వస్తాది. ప్రింటర్, టోకెన్ రెండూ దాంట్లో నడుస్తాయా అని పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి చూసుకోని అప్పుడు వెయ్యండి.

అయినాక ఒకసారి చూసుకోండి

రీస్టార్ట్ చేసి, వర్డ్‌లో ఒక లింక్ మీద నొక్కండి, వాట్సాప్ డెస్క్‌టాప్‌లో ఒక లింక్ నొక్కండి, ఒక పీడీఎఫ్ తెరవండి. మూడూ మీరు పెట్టిన బ్రౌజర్‌లోనే, పీడీఎఫ్ అయితే మీరు ఎంచుకున్న యాప్‌లోనే తెరుచుకుంటే పని అయినట్టే. ఏదన్నా ఎడ్జ్‌కి పోతా ఉంటే డిఫాల్ట్ యాప్స్‌లో ఆ ఒక్కటి మిగిలిపోయిందని అర్థం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి రిపోర్ట్ ప్రివ్యూ చూడండి, అక్కడ తెల్ల పేజీ వస్తే ఆ ప్రోగ్రాం ఐఈ మీద ఆధారపడిందన్న మాట, ఫీచర్స్ లిస్టులో టిక్ మల్లీ పెట్టి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లని కొత్త వెర్షన్ అడగండి.

అప్పటికే డబ్బు పోయింది, అకౌంట్‌లో ఏదో తేడా ఉందనిపిస్తే బ్రౌజర్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత. పాస్‌వర్డ్‌లు మార్చేది కూడా వేరే మిషన్‌లోనో ఫోన్‌లోనో చెయ్యండి. మిషన్‌లో బాట్‌నెట్ (మీ మిషన్‌ని దొంగలు దూరం నుంచి నడిపే వైరస్) లాంటిది ఉందేమో అని అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వం నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత టూల్స్ దొరుకుతాయి. దాన్ని నడిపే ప్రభుత్వ సైబర్ సంస్థ సర్ట్ ఇన్, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నింటి మీదా హెచ్చరికలు ఇస్తా ఉంటాది, పేపర్లో "క్రోమ్ వాడేవారికి ముప్పు" అని వార్త వస్తే బ్రౌజర్ మార్చాల్సిన పని లేదు, అబౌట్ పేజీ తెరిచి అప్‌డేట్ చేసి రీలాంచ్ కొడితే చాలు.

మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం అమెరికా టైం ప్రకారం వస్తాయి, మనకు అప్పటికి రాత్రి అయిపోయి ఉంటాది. కాబట్టి బుధవారం పొద్దున షట్టర్ ఎత్తినాక, కస్టమర్లు రాకముందే అప్‌డేట్ పేజీ తెరిచి రీస్టార్ట్ కొట్టి టీకి పోండి. యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో మాత్రం ముందు చూసుకోండి, అప్‌డేట్ సగంలో ఉన్నప్పుడు కరెంట్ పోతే ఆ రోజంతా దాంతోనే సరిపోతాది.